స్మిదుర్‌ను ప్రతిచోటా కమ్మరి అనకండి

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో కొంతకాలంగా వస్తున్న ఉత్తర ఐరోపా పురాగాథల అనువాదాలను నేను వారం వారం శ్రద్ధగా చదువుతున్నాను. నార్వే, ఐస్‌లాండ్ గాథలు తెలుగులో, అదీ బడి పిల్లలు సైతం చదువుకోగలిగినంత తేటగా రావడం నాకెంతో సంతోషం కలిగించింది. అనువాదం చేస్తున్నవారి శ్రమ మీద గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఆ గాథల్లో తరచుగా ఎదురయ్యే ఒక మాటను మీ పత్రికలో ప్రతిచోటా ‘కమ్మరి’ అని అచ్చువేస్తున్నారు. దానివల్ల ఓడ కట్టినవాడూ కమ్మరే అయ్యాడు, చెప్పులు కుట్టినవాడూ కమ్మరే అయ్యాడు, చివరికి ఒక స్తోత్రంలో దేవుడు కూడా ‘ఆకాశ కమ్మరి’ అయ్యాడు. ధారావాహిక పుస్తకంగా రాబోతున్నదని ప్రకటించారు కనుక, అది అచ్చుకు వెళ్లేలోపు ఈ మాట గురించి నాకు తెలిసినది మీ ముందు పెట్టడం నా బాధ్యత అనుకున్నాను.

ఆ మాట పాత నోర్స్ భాషలో, అంటే ఈ గాథలు రాసిన నాటి నార్వే, ఐస్‌లాండ్‌ల భాషలో, ‘స్మిద్ర్’. ఈనాటి ఐస్‌లాండిక్‌లోనూ ఫారో దీవుల భాషలోనూ ‘స్మిదుర్’. డేనిష్, స్వీడిష్, నార్వేజియన్ భాషల్లో ‘స్మెడ్’ అని రాస్తారు. స్వీడన్‌లో అది ‘స్మేడ్’ అని దీర్ఘంగా పలుకుతుంది, డెన్మార్క్‌లో చివరి అక్షరం మెత్తబడిపోతుంది, నార్వేలో చాలామంది నోట ఆ చివరి అక్షరం వినిపించనే వినిపించదు. ఇవన్నీ ఒకే మాట. కానీ ఈ భాషలన్నిటిలోనూ దాని అర్థం ఒకటి కాదు, అన్ని కాలాల్లోనూ ఒకటి కాదు. పాత నోర్స్‌లో స్మిద్ర్ అంటే ఏ పదార్థంతోనైనా నేర్పుగా వస్తువు తయారుచేసేవాడు. కొయ్య, ఇనుము, బంగారం, తోలు, ఆఖరికి పద్యం, ఏదైనా సరే అతని చేతికి పదార్థమే. తర్వాతి శతాబ్దాల్లో డేనిష్, స్వీడిష్, నార్వేజియన్ భాషల్లో ఆ మాట లోహపు పనికి పరిమితమైంది. ఐస్‌లాండ్‌లో మాత్రం అది ఇవాళ్టికీ తన పాత వైశాల్యాన్ని వదులుకోలేదు. ఈ సంగతి పట్టించుకోకుండా, ఇంగ్లీషులోని ‘స్మిత్’ మీదుగా తెలుగులోకి దిగితే ప్రతి స్మిద్ర్ చేతిలోనూ సమ్మెట కనిపిస్తుంది. అసలు కథలో అతని చేతిలో బాడిస ఉండి ఉండవచ్చు.

మీరు నాలుగైదు వారాల కిందట వేసిన ‘పొడుగుపాము’ ఓడ కథనే తీసుకుందాం. సుమారు 1000 నాటి నార్వే రాజు ఓలావ్ ట్రూగ్వసోన్ ట్రొండ్‌హైమ్ దగ్గర కట్టించిన ఓడ అది. 13వ శతాబ్దపు ఐస్‌లాండ్ చరిత్రకారుడు స్నోరి స్టుర్లుసోన్ రాజుల చరిత్రలో ఈ కథ వస్తుంది. ఆ ఓడ ముందు కొమ్మునూ వెనక కొమ్మునూ చేసే బాధ్యత థోర్‌బెర్గ్ అనే అతనిది. అతన్ని స్నోరి ‘స్తవ్న స్మిద్ర్’ అంటాడు, అంటే ఓడ కొమ్ములు చేసే పనివాడు. పని మధ్యలో థోర్‌బెర్గ్ ఇంటి అవసరం పడి తన పల్లెకు వెళ్లవలసి వచ్చింది. అతను తిరిగి వచ్చేసరికి ఓడకు పక్క పలకలు బిగించడం పూర్తయింది. ఆ సాయంత్రం రాజు వచ్చి చూశాడు, అంత పెద్ద ఓడ, అంత అందమైన ఓడ ఇంతకుముందు ఎవరూ చూడలేదని అందరూ మెచ్చుకున్నారు. మరునాటి ఉదయం రాజు వచ్చేసరికి పనివాళ్లంతా చేతులు ముడుచుకుని నిలబడి ఉన్నారు. ఎందుకని అడిగితే, ఎవరో రాత్రికి రాత్రి ఓడ ఒక పక్కన ముందు నుంచి వెనక దాకా ప్రతి పలక మీదా గంటు తరువాత గంటు పెట్టి పాడుచేశారని చెప్పారు. రాజుకు ఆగ్రహం వచ్చింది. ఈ పని చేసినవాడు బతకడని, వాడెవడో చెప్పినవాడికి బహుమానం ఇస్తానని అన్నాడు. అప్పుడు థోర్‌బెర్గ్, చేసింది నేనే అన్నాడు. ఎప్పటిలాగా బాగుచేయి, లేకపోతే నీ ప్రాణం పోతుందన్నాడు రాజు. థోర్‌బెర్గ్ ఆ గంట్ల లోతు దాకా పలకలను చెక్కుకుంటూ పోయాడు. గంట్లు మాయమయ్యాయి, పలకలు పలచబడి నున్నగా తేలాయి, ఆ పక్క మిగతా ఓడ కంటే ఎంతో అందంగా కనిపించింది. రాజే రెండో పక్కను కూడా అలాగే చేయమని అడిగి, ఓడ పూర్తయ్యేదాకా అతన్నే పెద్ద పనివాడిగా నియమించాడు.

ఈ కథ మొత్తంలో ఎక్కడా కొలిమి లేదు, దాగలి లేదు. థోర్‌బెర్గ్‌కు ఉన్న బిరుదు పేరులో కూడా చెక్కి నున్నగా చేసే దెబ్బ ఉంది. మన వడ్రంగులు ‘చిత్రిక పట్టడం’ అంటారే, ఆ పనికి దగ్గరి మాట అది. ఉదయాన్నే చేతులు ముడుచుకుని నిలబడ్డవాళ్లను కూడా స్నోరి ‘స్మిదిర్’ అనే బహువచనంతోనే చెబుతాడు. వాళ్లందరూ కొయ్య పనివాళ్లు. మీ అనువాదంలో మాత్రం ‘కమ్మరులందరూ దిగాలుగా నిలబడ్డారు’ అని ఉంది. చదివిన పిల్లవాడికి, కొయ్య ఓడ మీద కమ్మరులు ఏం చేస్తున్నారన్న అనుమానం రాక తప్పదు. అంతకంటే నన్ను బాధపెట్టింది, థోర్‌బెర్గ్ గొప్పతనమంతా పలక మందాన్ని కంటితో కొలిచి ఎక్కడ దాకా చెక్కవచ్చో తెలిసిన ఆ చేతి నేర్పులో ఉండగా, ‘కమ్మరి’ అనే ఒక్క మాటతో అది తెలుగు పాఠకుడికి అందకుండా పోవడం.

స్మిద్ర్ అనే మాట ఎంత విశాలమైనదో చెప్పడానికి పుస్తకాలే అక్కర్లేదు. స్వీడన్‌కు చెందిన గోట్లండ్ దీవిలో మెస్టర్‌మీర్ అనే బురదనేల ఉండేది. దాన్ని సాగులోకి తెచ్చాక, 1936లో ఒక రైతు దున్నుతుండగా నాగలికి ఏదో తగిలింది. తీరా చూస్తే అది గొలుసు చుట్టిన ఓకు చెక్క పెట్టె. వైకింగ్ యుగం నాటి పనిముట్ల పెట్టె అది. పెట్టెలోనూ చుట్టుపక్కలా కలిపి 200కు పైగా వస్తువులు దొరికాయి. ఇప్పుడవి స్టాక్‌హోమ్‌లోని స్వీడన్ చరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నాయి. ఆ వస్తువుల ముందు నిలబడి చూసినవారికి మొదట కనిపించేవి సుత్తులు, పట్టకార్లు, దాగళ్లు, ఆకురాళ్లు; ఇనుప పని చేసేవాడి సరంజామా. వాటి పక్కనే రంపాలు, బాడిసలు, గొడ్డళ్లు, చెక్కకు బెజ్జాలు వేసే బర్మాలు. పూర్తిగా కొయ్య పనివాడి సరంజామా. తాళాలు, తాళంచెవులు, గంటలు, వంటపాత్రలు కూడా ఉన్నాయి. ఒకే పెట్టె, దాన్ని మూసి గొలుసు చుట్టిన చేయి కూడా ఒకటే అయి ఉండాలి. ఆ పెట్టె యజమానిని మన మాటల్లో ఏమని పిలవాలి? కమ్మరి అంటే సగం పెట్టె మిగిలిపోతుంది, వడ్రంగి అంటే రెండో సగం మిగిలిపోతుంది. అతని భాషలో అతన్ని పిలవడానికి ఒక్క మాట సరిపోయేది, అదే స్మిద్ర్.

ఇనుప పనినే ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చినప్పుడు ఆ కాలపువాళ్లు ఊరుకోలేదు, ముందు ‘యార్న్’ అనే మాట చేర్చి ‘యార్న్‌స్మిద్ర్’ అన్నారు. యార్న్ అంటే ఇనుము. ఐస్‌లాండ్ గాథల్లో ఒకటైన ఎగిల్ గాథలో, ఎగిల్ తండ్రి స్కాలగ్రీమ్ గురించి అతను గొప్ప యార్న్‌స్మిద్ర్ అని, శీతకాలమంతా బురదనేలల్లో దొరికే ఇనుప ఖనిజాన్ని కరిగించేవాడని చెబుతారు. అతను కొలిమిని సముద్రపు ఒడ్డున కట్టుకున్నాడు. ఇనుము సాగగొట్టడానికి తగినంత గట్టిగా, చదునుగా ఉండే రాయి అక్కడెక్కడా దొరకలేదు. ఒకనాటి సాయంత్రం అతను పడవ వేసుకుని బయటి దీవుల దాకా వెళ్లి, నీళ్లలో దూకి, అడుగు నుంచి ఒక రాయిని పైకి తెచ్చి, తీసుకొచ్చి కొలిమి గుమ్మం ముందు పెట్టుకుని, అప్పటి నుంచి దాని మీదే ఇనుము కొట్టాడు. ఆ రాయిని నలుగురు మనుషులు కలిసినా ఎత్తలేరని, దాని చుట్టూ ఇనుప చిట్టెం కుప్పలుగా పడి ఉందని గాథ చెబుతుంది. ఈ స్కాలగ్రీమ్‌ను మీరు కమ్మరి అంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. అతను చేసింది కమ్మరం పనే, గాథ కూడా ‘ఇనుము’ అనే మాట చేర్చి మరీ ఆ సంగతి చెప్పింది. అలా చేర్చవలసి రావడమే, ఒట్టి స్మిద్ర్ అన్నప్పుడు ఇనుము తప్పనిసరి కాదనడానికి సాక్ష్యం.

చెప్పుల సంగతీ ఇలాంటిదే. హావమాల్ అనే పాత నీతి పద్యాల్లో, నీ మట్టుకు నువ్వు చేసుకుంటే తప్ప ‘స్కోస్మిద్ర్’ పని, ఈటెకర్రలు చేసే స్మిద్ర్ పని ఇంకెవరికోసమూ చేయకు అని ఉంది. చెప్పు కుదరకపోయినా కర్ర వంకరపోయినా జనం నీకు కీడు కోరుకుంటారట. స్కో అంటే చెప్పు. మీ పత్రికలో దాన్ని ‘చెప్పుల కమ్మరి’ అన్నారు. ఐస్‌లాండ్‌లో ఈనాటికీ చెప్పులు కుట్టేవారిని స్కోస్మిదుర్ అనే అంటారు, అందులో ఎవరికీ ఏ వింతా కనిపించదు. తెలుగులో ‘చెప్పులు కుట్టేవాడు’ అని రాస్తే చాలు.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను కదిలించి ఈ ఉత్తరం రాయించినది ఆ స్తోత్రం. ఐస్‌లాండ్ నాయకుడు కోల్‌బైన్ తూమసోన్ 1208లో రాసినదని చెప్పే ప్రార్థన అది. అదే సంవత్సరం ఆయన వీదినెస్ పోరులో మరణించాడు. స్కాండినేవియా దేశాల్లో ఇప్పటికీ పాడుకుంటున్న స్తోత్రాల్లో అంత పాతది ఇంకొకటి లేదంటారు. 20వ శతాబ్దంలో థోర్‌కెల్ సిగుర్బ్‌యోర్న్‌సోన్ కట్టిన బాణీలో ఐస్‌లాండ్ చర్చిల్లో దాన్ని వింటాం. ఆ స్తోత్రం దేవుణ్ని ‘హిమ్న స్మిదుర్’ అని పిలుస్తూ మొదలవుతుంది. ఆకాశాలను నిర్మించినవాడా, కవి అడిగేది ఆలకించు అని వేడుకోవడం అది. పోరు మీదికి వెళ్లబోయే మనిషి, తన కవిత్వం కూడా ఒక నిర్మాణమేనని ఎరిగిన మనిషి, అన్నిటికంటే పెద్ద నిర్మాణం చేసినవాణ్ని సాటి పనివాడి పేరుతో పిలుస్తున్నాడు. కవులకూ ఆ మాట పాతదే. ఓడిన్ దేవుణ్ని, ఆయన పూజారులను ‘లియోద స్మిదిర్’ అంటే పాటలు కట్టేవాళ్లు అని స్నోరి చెప్పాడు. తెలుగులో మనం కూడా పాట ‘కడతాం’, పద్యం ‘అల్లుతాం’, కనుక ఆ భావం మనకు కొత్తది కాదు. అలాంటిచోట ‘ఆకాశ కమ్మరీ’ అని సంబోధిస్తే ఆ ప్రార్థన గంభీరత ఏమవుతుందో నేను వేరే చెప్పనక్కర్లేదు. ‘ఆకాశాలను కట్టినవాడా’ అంటే సరిపోతుంది. ‘విశ్వకర్మా’ అందామని ఎవరికైనా అనిపించవచ్చు గాని, అది ఒక క్రైస్తవ ప్రార్థన. మన దేవుడి పేరు అక్కడ పెట్టడం కోల్‌బైన్‌కు న్యాయం చేసినట్టు కాదు.

తెలుగు పాఠకులు ఈ విషయాన్ని తమ ఇంట్లోనే సరిచూసుకోగలిగిన ఒక చోటు ఉంది. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో, యేసును చూసి ఆయన ఊరివాళ్లు ‘ఇతడు వడ్లవాని కుమారుడు కాడా’ అంటారు. మన పాత తెలుగు బైబిలు చదివినవారందరికీ ఈ వాక్యం గుర్తే. అదే వాక్యం ఐస్‌లాండిక్ బైబిల్లో ‘ఇతడు స్మిదుర్ కుమారుడు కాడా’ అని ఉంటుంది. అక్కడ స్మిదుర్ అంటే వడ్లవాడే. ఆ భాషలో ముందూ వెనకా ఏ విశేషణమూ లేకుండా స్మిదుర్ అంటే, ఇవాళ చాలామందికి మొదట గుర్తొచ్చేది కొయ్యపని చేసేవాడే. మీ అనువాద పద్ధతి ప్రకారం పోతే యోసేపు కమ్మరి అయిపోతాడు. 1917 నాటి స్వీడిష్ బైబిల్లో మార్కు సువార్త తీసి చూస్తే, అక్కడ స్మేడ్ లేదు, ‘టిమ్మర్‌మన్’ ఉంది. ఎందుకంటే స్వీడిష్‌లో ఆనాటికే స్మేడ్ అన్న మాట కొయ్యను వదిలేసింది.

అదెలా వదిలేసిందో రెండు మాటల్లో చెబుతాను. మధ్యయుగంలో బాల్టిక్ సముద్రపు వర్తకమంతా ఉత్తర జర్మనీ నగరాల హాన్సా కూటమి చేతుల్లో ఉండేది. డెన్మార్క్, స్వీడన్, నార్వే పట్టణాల్లో జర్మన్ వర్తకులు, చేతిపనివారు స్థిరపడ్డారు. వారితోపాటే వృత్తుల పేర్లూ వచ్చాయి. బల్లలు, తలుపులు చేసే కొయ్య పనివాడికి స్వీడిష్‌లో ‘స్నికారె’, డేనిష్‌లో ‘స్నెడ్‌కర్’, దర్జీకి ‘స్క్రెడారె’, చెప్పులు చేసేవాడికి ‘స్కూమాకారె’. ఇలా ఒక్కొక్క పదార్థానికీ వేరే పేరు వచ్చి కూర్చున్నకొద్దీ స్మెడ్‌కు మిగిలినది లోహమే. ఐస్‌లాండ్‌లో అలాంటి పట్టణాలు లేవు, పట్టణ వృత్తిసంఘాలూ లేవు. అందుకే అక్కడ త్రే చేరిస్తే కొయ్యపని, హూస చేరిస్తే ఇళ్లు కట్టే వడ్రంగం, స్కిప చేరిస్తే ఓడల నిర్మాణం, గుల్ చేరిస్తే బంగారుపని, ఊర్ చేరిస్తే గడియారాల పని. అన్నిటికీ చివర స్మిదుర్ ఉంటుంది. కొత్త పదాలు కల్పించేవారిని కూడా ‘నీయిర్ద స్మిదుర్’ అంటారు. ఐస్‌లాండిక్‌తో ఏ బంధుత్వమూ లేని ఫిన్నిష్ భాషలో కూడా ‘సెప్పా’ అనే మాటకు ఇదే తీరు ఉందని, అక్కడ వడ్రంగి ‘కొయ్య సెప్పా’, గడియారాలు చేసేవాడు ‘గడియారపు సెప్పా’ అని తెలిస్తే, ఆ ప్రాంతమంతటా పని పట్ల ఉన్న దృష్టి ఏమిటో కొంత అర్థమవుతుంది.

డెన్మార్క్, నార్వే, స్వీడన్ రచనల దగ్గరికి వచ్చినప్పుడు ‘కమ్మరి’ అనే మాటకు నిజమైన చోటు ఉంది. నార్వేలో పుట్టి కోపెన్‌హాగన్‌లో జీవించిన 18వ శతాబ్దపు కవి యోహాన్ హెర్మన్ వెసెల్ రాసిన ఒక పద్యకథలో, చిన్న ఊళ్లో ఉన్న ఒకే ఒక్క స్మెడ్ తగువులో మనిషిని చంపుతాడు. మరణశిక్ష తప్పదన్నప్పుడు ఊరివాళ్లు న్యాయాధికారి దగ్గరికి వెళ్లి, మాకున్నది ఒక్కడే కమ్మరి, అతను పోతే మా గతేమిటి, రొట్టెలవాళ్లయితే ఇద్దరున్నారు, ప్రాణానికి ప్రాణం కావాలంటే వాళ్లలో ఒకణ్ని తీసుకోండి అంటారు. పాపం ఆ రొట్టెలవాడు ప్రాణం పోగొట్టుకుంటాడు. ఒకరి తప్పుకు మరొకరిని శిక్షిస్తే ‘స్మెడ్‌కు బదులు రొట్టెలవాడికి మరణశిక్ష వేయడం’ అని డేనిష్‌లో ఇప్పటికీ అంటారు. ఇక్కడ కమ్మరి అన్న మాటే కథకు ప్రాణం. లాడాలు, కర్రులు, కొడవళ్లు లేకుండా ఊరు నడవదు గనుకనే ఆ ఊరివాళ్లు అంత అన్యాయానికి సిద్ధపడ్డారు. అయితే అదే దేశంలో ఇవాళ వృత్తి విద్యాలయంలో స్మెడ్‌గా శిక్షణ పొందినవారు చేసేది ఎక్కువగా వెల్డింగు, ఉక్కు కట్టడాలు, స్టెయిన్‌లెస్ స్టీలు పని. వార్తాకథనంలో అలాంటివారిని కమ్మరి అంటే పాఠకుడి కళ్ల ముందు కొలిమితిత్తి మెదులుతుంది. ‘లోహపు పనివారు’ అనడం మేలు.

లోహానికి కుదించుకుపోయిన ఆ భాషల్లో కూడా పాత అర్థం జాతీయాల్లో దాక్కుని బతికే ఉంది. కుట్రలు పన్నేవాణ్ని డేనిష్‌లో ‘రెంకెస్మెడ్’ అంటారు, స్వీడిష్‌లోనూ అదే మాట ఉంది; పాత పద్యాల్లో ‘లోకి’ అనే మాయలమారి దేవుణ్ని ‘బోల్వ స్మిద్ర్’, అంటే కీడు కల్పించేవాడు అన్న తిట్టుకు ఇది వారసురాలు. పద్యాలు గిలికేవాణ్ని ‘రీమ్‌స్మెడ్’ అంటారు. ఎవరి అదృష్టానికి వారే స్మెడ్ అనే సామెత మూడు దేశాల్లోనూ వినిపిస్తుంది. వీటిలో దేన్నీ కమ్మరితో అనువదించలేం. డేనిష్‌లో ‘గుల్‌స్మెడ్’ అంటే కంసాలి, తూనీగ కూడా. చెరువు మీద గుల్‌స్మెడ్ ఎగిరిందని ఒక డేనిష్ కవితలో ఉంటే అక్కడ ఎగిరేది తూనీగే. ఐస్‌లాండిక్‌లో ‘యార్న్‌స్మిదుర్’ అన్న పేరు నేల మీద పాకే ఒక నల్ల పురుగుకూ ఉంది. నిఘంటువులో మొదటి అర్థం దగ్గరే ఆగిపోతే ఇలాంటిచోట్ల చిక్కుపడతాం.

నాకు ఇంకా ముఖ్యమనిపించే విషయం ఒకటుంది. తెలుగులో కమ్మరి, వడ్రంగి, కంచరి, కంసాలి, కాసె అనేవి పనుల పేర్లు మాత్రమే కావు, కులాల పేర్లు కూడా. ఆ ఐదు పనులవారినీ కలిపి పంచాణంవారు అంటాం, పేరు చివర ఆచారి అని గౌరవంగా పిలుస్తాం. కనుక తెలుగు కథలో ‘కమ్మరి’ అనగానే తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వృత్తి, పెళ్లిసంబంధాలు, ఊళ్లో ఒక స్థానం, ఇవన్నీ పాఠకుడి మనసులో వాటంతటవే అమరిపోతాయి. స్మిద్ర్ వెనక ఇవేవీ లేవు. పైన చెప్పిన స్కాలగ్రీమ్ పెద్ద భూస్వామి, ఒక ప్రాంతమంతా తనదిగా చేసుకుని స్థిరపడిన కుటుంబ పెద్ద; అయినా తన చేత్తో తానే ఇనుము కొట్టాడు, అది అతనికి చిన్నతనం కాలేదు. మరో కొసన తోకి ఉన్నాడు. డెన్మార్క్‌లోని హోర్నింగ్ ఊళ్లో దొరికి, ఇప్పుడు ఓర్హుస్ దగ్గరి మోస్‌గోర్ ప్రదర్శనశాలలో ఉన్న సుమారు వెయ్యేళ్ల నాటి రూనిక్ (ఆ దేశాల పాత లిపి) శిలాశాసనం మీద అతని మాటలున్నాయి. గుద్‌మున్ద్ కొడుకు థోర్‌గిస్ల్ జ్ఞాపకార్థం తోకి స్మిద్ర్ ఈ రాయి నిలిపాడు. ఆయన తనకు బంగారాన్నీ స్వేచ్ఛనూ ఇచ్చాడు అని. అంటే తోకి ఒకప్పుడు బానిస. చేతిపని వల్లే విలువ సంపాదించుకుని ఉండవచ్చు, యజమాని అతన్ని విడిచిపెట్టాడు, తన పేరు పక్కన తన పనిని రాతిలో చెక్కించుకోగలిగినంత స్తోమత అతనికి వచ్చింది. అతను కొట్టింది ఇనుమో, చెక్కింది కొయ్యో శాసనం చెప్పలేదు. ‘కమ్మరి తోకి’ అని మీరు అచ్చువేస్తే, శాసనం చెప్పని మాట చెప్పినట్టవుతుంది, పైగా తెలుగు పాఠకుడు అతనికి ఒక కులాన్ని కూడా అంటగడతాడు. అతను తన కోసం ఎంచుకున్న మాట స్మిద్ర్. ‘పనివాడు తోకి’ అన్నా, ‘పనిమంతుడు తోకి’ అన్నా అతని గౌరవానికి లోటు రాదు. రెండోది నాకు మరింత నచ్చుతుంది. చేయి తిరిగినవాణ్ని మన పల్లెల్లో పనిమంతుడనే అంటారు, ఆ మాట ఏ కులానికీ చెందినది కాదు, ఏ పదార్థానికీ కట్టుబడినది కాదు.

రాత విషయంలో కూడా ఒక మనవి. మీ అనువాదంలో ఈ మాట కొన్నిచోట్ల ‘స్మిథర్’ అని, కొన్నిచోట్ల ‘స్మిత్’ అని కనిపించింది. ఐస్‌లాండిక్‌లో ఆ అక్షరం పలికేటప్పుడు గొంతు మోగుతుంది, కనుక తెలుగులో దానికి దగ్గరిది ద, థ కాదు. చివరి ‘ర్’ గానీ ‘ఉర్’ గానీ ప్రథమా విభక్తి ప్రత్యయం. మన ‘రాముడు’లోని ‘డు’ ద్వితీయలో ‘రాముని’ అయినప్పుడు ఎలా తప్పుకుంటుందో, అక్కడ కూడా ద్వితీయలో ‘స్మిద్’ అని మాత్రమే మిగులుతుంది. మూలంలో రెండు రూపాలు కనిపిస్తే రెండు వేరే మాటలనుకుని తికమకపడవలసిన పని లేదు. మొదటిసారి వచ్చినప్పుడు ‘స్మిదుర్’ అని ఒక్కసారి రాసి, పక్కనే అర్థం చెప్పి, ఆ తర్వాత సందర్భాన్ని బట్టి తెలుగు మాట వాడితే పిల్లలకు కూడా సులువుగా ఉంటుంది.

పుస్తకం అచ్చుకు వెళ్లేముందు మీ అనువాదకులు కనీసం నాలుగు చోట్ల మార్పు చేయాలని కోరుతున్నాను. థోర్‌బెర్గ్‌ను ఓడలు కట్టే పనివాడిగా, అతనితో ఉన్నవాళ్లను కొయ్య పనివాళ్లుగా చూపించండి. హావమాల్ పద్యంలో చెప్పులు కుట్టేవాడు, ఈటెకర్రలు చేసేవాడు అనండి. కోల్‌బైన్ స్తోత్రంలో ‘ఆకాశ కమ్మరి’ని తీసివేసి ‘ఆకాశాలను కట్టినవాడా’ అని గానీ అంతకంటే మంచి మాట తోస్తే అది గానీ వేయండి. హోర్నింగ్ శాసనంలో తోకి వృత్తిని శాసనం చెప్పినంత మేరకే చెప్పండి. స్కాలగ్రీమ్‌ను, వెసెల్ పద్యంలోని ఊరి కమ్మరిని మాత్రం యథాతథంగా కమ్మరులుగానే ఉంచండి. రాబోయే వారాల్లో వోలుంద్ర్ కథ వస్తుందని ప్రకటించారు. అతను ఉంగరాలు, కత్తులు చేసిన లోహకారుడే కనుక అక్కడ కమ్మరి అన్నా, బంగారుపని వచ్చినచోట కంసాలి అన్నా తప్పు లేదు. అయితే ఐస్‌లాండ్ ప్రజలు అతని పేరును ఏ పనిలోనైనా ఆరితేరినవారికి వాడుతారని, పద్మవ్యూహంలా దారి తెలియని కట్టడాన్ని ‘వోలుందర్ ఇల్లు’ అంటారని ఒక చిన్న గమనికలో చెబితే, చదివేవారికి ఆ కథ మరింత దగ్గరవుతుంది. పాత నోర్స్ మూలం పక్కన పెట్టుకుని ఈ భాగాలను సరిచూడటంలో నా వంతు సాయం కావాలంటే సంతోషంగా చేస్తాను.

ఇట్లు,
భవదీయుడు,
స్వీడన్‌లో ఉంటున్న మీ పాఠకుడు
ఉప్సాలా